మెర్జ్ పేజీలో లేని ఒక వాక్యం

పట్టికలతో పనిచేయడానికి పైథాన్‌లో వాడే పాండాస్ లైబ్రరీలో, రెండు పట్టికలను కలిపే మెర్జ్ అనే ఫంక్షన్ వివరణ పేజీ తెరిచి, వివరణలన్నీ దాటి కింద ఉన్న ఉదాహరణల దగ్గరికి వెళ్లండి. మొదటి ఉదాహరణలో రెండు చిన్న పట్టికలు ఉంటాయి. రెండింటిలోనూ నాలుగేసి వరుసలు. కలపడానికి వాడే కాలమ్‌లో రెండు వైపులా అవే విలువలు: ఫూ, బార్, బాజ్, మళ్లీ ఫూ. ఇప్పుడు ఫలితంలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. ఆరు ఉంటాయి.

ఎడమవైపు ఫూ రెండుసార్లు ఉంది, కుడివైపూ రెండుసార్లు ఉంది. ఎడమవైపు ఉన్న ప్రతి ఫూ కుడివైపు ఉన్న ప్రతి ఫూతోనూ జత కడుతుంది కాబట్టి వాటికి నాలుగు వరుసలు. బార్‌కి ఒకటి, బాజ్‌కి ఒకటి. మొత్తం ఆరు. మెర్జ్ వాడేవాళ్లు తెలుసుకోవలసిన వాటిలో దీనికంటే ముఖ్యమైన విషయం లేదని నా అభిప్రాయం. అది ఆ పేజీలో మొదటి ఉదాహరణలోనే, చదివేవాళ్ల కళ్లెదుటే జరుగుతోంది. కానీ దాని పైన రాసిన మాటలు ఇంకో సంగతి చెబుతాయి: రెండు పట్టికల్లోనూ వాల్యూ అనే కాలమ్ ఉన్నందువల్ల ఆ పేర్ల చివర అండర్‌స్కోర్ ఎక్స్, అండర్‌స్కోర్ వై చేరాయని. రెండో ఉదాహరణ ఆ తోకలను మనకు నచ్చినట్టు మార్చుకోవడం గురించి. మూడోది తోకలు వద్దంటే వచ్చే ఎర్రర్ గురించి. వరుసలు నాలుగు నుంచి ఆరు ఎందుకయ్యాయో ఎక్కడా ఒక్క ముక్క లేదు.

ఆ ఒక్క ముక్క అక్కడ ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం నా విద్యార్థులు. నేను అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచీలకు డేటా విశ్లేషణ చెబుతాను. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో అలాంటి తరగతులకు కొదవ లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పగలు ఎక్కడో ఒకచోట ఉద్యోగం చేస్తూనే ఉంటారు: ఆస్పత్రి బిల్లింగ్ విభాగం, కొరియర్ కార్యాలయం, మందుల పంపిణీ, చిట్‌ఫండ్ లెక్కలు. వాళ్ల పక్క కుర్చీలో అడిగితే చెప్పే సీనియర్ ఉండడు. సందేహం వస్తే పేజీ తెరిచి చదువుకోవాలి. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు ఆ ఇంగ్లిషును ఒక్కో పదం కూడబలుక్కుంటూ, ఏ వాక్యాన్నీ వదలకుండా చదువుతారు. పేజీని అంత శ్రద్ధగా చదివే పాఠకులు ఇంకెవరున్నారు? అలాంటివాళ్లకు కావలసిన వాక్యం పేజీలో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సూర్యాపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి మందుల పంపిణీ చేసే చిన్న సంస్థలో పనిచేసేది. ఆర్డర్ల పట్టికలో ప్రతి ఆర్డర్‌కూ పిన్ కోడ్ ఉంది, జిల్లా లేదు. తపాలా శాఖ పిన్ కోడ్ల జాబితాలో జిల్లా పేరు ఉంటుంది. రెండింటినీ పిన్ కోడ్ మీద కలిపి, జిల్లాల వారీగా అమ్మకాలు తీయాలి. ఏ పద్ధతిలో కలపాలో చెప్పే హౌ దగ్గర లెఫ్ట్ అని ఇచ్చింది. ఎర్రర్ రాలేదు, ప్రతి ఆర్డర్ పక్కన జిల్లా వచ్చింది, పట్టిక చూడటానికి చక్కగా ఉంది. మొత్తం అమ్మకం మాత్రం అసలు లెక్క కంటే బాగా ఎక్కువ వచ్చింది.

"లెఫ్ట్ అనే కదా మేడమ్ ఇచ్చాను. ఎడమ పట్టిక ఉన్నది ఉన్నట్టే ఉండాలి కదా?" అని అడిగింది.

ఆమె తర్కంలో తప్పేమీ లేదు. తపాలా జాబితా పిన్ కోడ్‌కు ఒక వరుస చొప్పున ఉండదు, తపాలా కార్యాలయానికి ఒక వరుస చొప్పున ఉంటుంది. ఒకే పిన్ కింద రెండు మూడు కార్యాలయాలు ఉండటం మామూలే. మూడు కార్యాలయాలున్న పిన్ నుంచి 1,200 రూపాయల ఆర్డర్ ఒకటి వస్తే, కలిపిన తర్వాత అది మూడు వరుసలవుతుంది, కూడితే 3,600 అవుతుంది. పేజీలో లెఫ్ట్ గురించి రాసింది ఇది: ఎడమ పట్టికలోని కీలను (కలపడానికి వాడే కాలమ్‌లోని విలువలను) మాత్రమే వాడుతుంది, డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లోని లెఫ్ట్ ఔటర్ జాయిన్ వంటిది, కీల క్రమం మారదు. ఇందులో ప్రతి మాటా నిజమే. కీల గురించి చెప్పిన నిజం అది. వరుసల సంఖ్య గురించి అది ఏమీ చెప్పలేదు. చదివేవాళ్లు మాత్రం వరుసల సంఖ్య గురించే చెప్పిందనుకుంటారు.

అలా అనుకోవడానికి బలమైన కారణం ఒకటుంది. మా తరగతికి వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి ముందే చేతికి అలవాటైనది ఎక్సెల్‌లో వీలుకప్. వీలుకప్ వెతికి మొదట దొరికినదాన్ని తెచ్చి గడిలో పెడుతుంది, అక్కడితో ఆగిపోతుంది. కుడి జాబితాలో అదే పిన్ మూడుసార్లున్నా మన పట్టికలో వరుసలు పెరగవు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లు లెఫ్ట్ అంటే వీలుకప్ అనే అనుకుంటారు. మెర్జ్ పేజీ మొదటి వాక్యమేమో ఇది డేటాబేస్ తరహా జాయిన్ అని చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకు ఆ మాట చాలు. 2008లో వెస్ మెకిన్నీ ఒక పెట్టుబడుల సంస్థలో ఉంటూ పాండాస్‌ను మొదలుపెట్టినప్పుడు వాడేవాళ్లు ఆ కోవకు చెందినవాళ్లే అయి ఉండవచ్చు. ఇవాళ డేటాబేస్ ముఖం చూడకుండానే నేరుగా పాండాస్‌లోకి దిగేవాళ్లు ప్రతి బ్యాచీలోనూ ఉంటారు.

పాఠాల్లో, వీడియోల్లో ఎక్కువగా కనిపించే రెండు వలయాల బొమ్మ ఈ అపోహను ఇంకా పెంచుతుంది. ఎడమ వలయం, కుడి వలయం, మధ్యలో కలిసిన భాగానికి రంగు. ఇన్నర్ అంటే మధ్య భాగం, లెఫ్ట్ అంటే ఎడమ వలయం మొత్తం, రైట్ అంటే కుడి వలయం మొత్తం, ఔటర్ అంటే రెండు వలయాలూ. ఆ బొమ్మను నేను బోర్డు మీద గీయను. ఒక విలువ ఉందా లేదా అన్నదే వలయం చెప్పగలదు, ఎన్నిసార్లుందో చెప్పలేదు. పెళ్లి పిలుపుల జాబితాను, చదివింపుల పుస్తకాన్ని తీసుకోండి. పిలుపుల జాబితాలో మేనమామ పేరు ఒకసారే ఉంటుంది. చదివింపుల్లో ఆయన పేరున ఒకసారి, కొడుకు తరఫున మళ్లీ ఆయన పేరే ఇంకోసారి రాసి ఉంటుంది. పేరు మీద కలిపితే మేనమామ రెండు వరుసల్లో వస్తాడు, భోజనాల లెక్క వేస్తే ఇద్దరవుతాడు. వలయాల బొమ్మలో ఆయన ఎప్పటికీ ఒక్క చుక్కే.

పాండాస్ పేజీలకు ఎవరైనా మార్పు రాసి పంపవచ్చు. మరి ఆ వాక్యాన్ని పేజీలో ఎక్కడ రాయాలి? పాండాస్‌లో ప్రతి ఫంక్షన్ వివరణకూ ఒక క్రమం ఉంది: ఒక్క వాక్యంలో పరిచయం, తర్వాత విస్తృత పరిచయం, పారామీటర్లు (ఫంక్షన్‌కు మనం ఇచ్చేవి), రిటర్న్స్ (అది మనకు తిరిగి ఇచ్చేది), సంబంధిత ఫంక్షన్లు, గమనికలు, చివర ఉదాహరణలు. మెర్జ్‌లో రిటర్న్స్ భాగం చూస్తే, కలిపిన రెండింటి డేటాఫ్రేమ్ (పాండాస్‌లో పట్టికకు పేరు) అని మాత్రమే ఉంటుంది. ఏం వస్తుందో చెప్పాల్సిన చోటు అది. ఎన్ని వరుసలు వస్తాయో చెప్పడానికి అంతకంటే తగిన చోటు లేదు. నేను అక్కడ చేర్చమని రాసిన దాని సారాంశం తెలుగులో ఇది:

"ఒక కీ ఎడమవైపు కొన్నిసార్లు, కుడివైపు కొన్నిసార్లు ఉంటే, ఫలితంలో ఆ కీకి వచ్చే వరుసలు ఆ రెండు సంఖ్యల లబ్ధం. అందువల్ల హౌ దగ్గర లెఫ్ట్ ఇచ్చినా, కుడి పట్టికలో కీ పునరావృతమైతే ఫలితంలో వరుసలు ఎడమ పట్టిక కంటే ఎక్కువ ఉండవచ్చు."

తరగతిలో దీన్నే ఇంకొంచెం విప్పి చెబుతాను. ఎడమవైపు మూడుసార్లు, కుడివైపు రెండుసార్లు ఉన్న కీకి ఇన్నర్, లెఫ్ట్, రైట్, ఔటర్‌లలో ఏ పద్ధతిలోనైనా ఆరు వరుసలే. ఎడమవైపు మూడుసార్లుండి కుడివైపు అసలు లేకపోతే ఇన్నర్‌లో సున్నా, లెఫ్ట్‌లో మూడు, ఔటర్‌లోనూ మూడే. అంటే ఈ నాలుగు పద్ధతుల మధ్య తేడా అంతా జత దొరకని కీల దగ్గరే. జత దొరికిన కీల దగ్గర ఇన్నర్, లెఫ్ట్, రైట్, ఔటర్ అన్నీ ఒకేలా గుణిస్తాయి. ఈ సంగతి బోర్డు మీద పెట్టినప్పుడు తరగతిలో తలలు పైకి లేస్తాయి. పాండాస్ యూజర్ గైడ్‌లో ఒక అధ్యాయం లోపల ఈ గుణకారాన్ని కార్టీజియన్ లబ్ధం అనే పేరుతో చెప్పారు. అది మంచి అధ్యాయం. కానీ పని మధ్యలో సందేహం వచ్చినవాళ్లు ఫంక్షన్ పేజీకే వస్తారు, గైడ్‌లోని అధ్యాయం దాకా వెళ్లరు.

రెండో మార్పు వ్యాలిడేట్ గురించి. ఈ పారామీటర్ 2017లో వచ్చిన 0.21 నుంచి ఉంది. సూర్యాపేట అమ్మాయికి కావలసింది సరిగ్గా ఇదే. వ్యాలిడేట్ దగ్గర మెనీ టు వన్ అని ఇస్తే, కుడి పట్టికలో ప్రతి కీ ఒక్కసారే ఉండాలని మనం షరతు పెట్టినట్టు. షరతు తప్పితే మెర్జ్ ఎర్రర్ ఇచ్చి, కుడి పట్టికలో కీలు ఏకైకంగా లేవని స్పష్టంగా చెబుతుంది. తప్పుడు మొత్తం పై అధికారి బల్ల మీదికి చేరేలోపు అక్కడే ఆగిపోతుంది. ఇంత విలువైనది పారామీటర్ల జాబితా అడుగున ఉంది, ఉదాహరణల్లో ఒక్కసారి కూడా కనిపించదు. ఇండికేటర్ పరిస్థితీ అంతే. దాన్ని ఇస్తే ఒక కొత్త కాలమ్ వచ్చి, ఏ వరుస రెండు వైపులా దొరికింది, ఏది ఎడమవైపే ఉంది, ఏది కుడివైపే ఉంది అని చెబుతుంది. తోకల గురించి మూడు ఉదాహరణలున్న పేజీలో ఈ రెండింటికీ చెరొకటి ఉండటం న్యాయం. మూడింటిలో ఒకటి తీసేసి చోటు చేయాలని నేను అడగబోతున్నాను. ఉన్నవాటికి కలుపుకుంటూ పోతే పేజీ పొడవు పెరిగి, కొత్తవి మళ్లీ అడుగున పడిపోతాయి.

ఉదాహరణల్లోని పేర్లు కూడా మార్చాలి. ఫూ, బార్, బాజ్ ప్రోగ్రామర్లకు అలవాటైన ఖాళీ పేర్లు. నా విద్యార్థులు వాటి అర్థం వెతుక్కుంటూ నిఘంటువు తెరుస్తారు. పాండాస్ వాళ్లు తమ మార్గదర్శకాల్లోనే అర్థమున్న డేటా వాడమని, ప్రత్యేక అవసరం లేకపోతే జంతువుల పేర్లు తీసుకోమని రాసుకున్నారు. కాబట్టి నా ఉదాహరణలో ఎడమ పట్టిక ఆర్డర్లు, కుడి పట్టిక పిన్ కోడ్లు. మూడు ఆర్డర్లు, ఒక పిన్ రెండుసార్లు, ఫలితంలో నాలుగు వరుసలు. వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినంత చిన్నదిగా ఉంచాను.

పేజీలో బాగున్నదాన్ని బాగుందనే చెప్పాలి. ఖాళీ విలువల గురించి ఒక హెచ్చరిక పై భాగంలోనే, ఎవరూ దాటిపోలేనట్టుగా పెట్టారు. రెండు వైపులా కీ ఖాళీగా ఉంటే పాండాస్ ఆ ఖాళీలను ఒకదానితో ఒకటి జత చేస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో అలా జరగదు, అక్కడ ఖాళీ మరో ఖాళీతో సమానం కాదు. పిన్ రాయని ఆర్డర్లు పది, పిన్ లేని జాబితా వరుసలు ఐదు ఉంటే యాభై వరుసలు పుట్టుకొస్తాయి. ఆ హెచ్చరిక ఎవరు రాశారో గానీ పాఠకుడి గురించి ఆలోచించి రాశారు. నేను అడుగుతున్న వాక్యం దాని పక్కన నిలబడాల్సినదే: ఖాళీలకు జరిగే గుణకారమే మిగతా కీలకూ జరుగుతుంది కాబట్టి.

ఇక తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. హైదరాబాద్ అని తెలుగులో టైపు చేస్తే, కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. రెండు పట్టికల్లో హైదరాబాద్ అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపిస్తుంది, ఒకదాంట్లో ఆ గుర్తు ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. మెర్జ్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఆదిలాబాద్, నిజామాబాద్, మహబూబ్‌నగర్, కరీంనగర్, అన్నిటి చివరా పొల్లే. హౌ దగ్గర ఏమీ ఇవ్వకపోతే మెర్జ్ ఇన్నర్‌గా పనిచేస్తుంది, జత కుదరని జిల్లాలు చప్పుడు లేకుండా రాలిపోతాయి. హైలో ఉన్న ఐత్వం కూడా యూనికోడ్‌లో రెండు విధాలుగా ఉండవచ్చు: ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ. దీన్ని యూనికోడ్ నార్మలైజేషన్ సరిచేస్తుంది. కనబడని గుర్తును మాత్రం అది తీసేయదు, మనమే ఏరివేయాలి. ఇదంతా మెర్జ్ పేజీలో రాయమని నేను అడగను, అది ఆ పేజీ బాధ్యత కాదు. కానీ ఇండికేటర్‌కు ఒక ఉదాహరణ ఉంటే, హైదరాబాద్ ఎడమవైపే ఉందని తేలిన క్షణంలో వాళ్లకు అనుమానం వస్తుంది. వెతకడం అక్కడి నుంచి మొదలవుతుంది.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి. జత కుదిరినంత మాత్రాన రెండూ ఒకటే అని కాదు. 2011 జనాభా లెక్కల నాటికి తెలంగాణ ప్రాంతంలో 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2011 పట్టికలోని కరీంనగర్‌ను ఇప్పటి పట్టికలోని కరీంనగర్‌తో కలిపితే మెర్జ్ ఆనందంగా కలుపుతుంది, వ్యాలిడేట్ కూడా అడ్డుచెప్పదు. కానీ పాత కరీంనగర్‌లో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఉన్నాయి. ఇది ఏ డాక్యుమెంటేషనూ చెప్పగలిగేది కాదు, తరగతిలో మేమే చెప్పాలి, చెబుతున్నాం.

మార్పు పంపడం గురించి అడిగినవాళ్ల కోసం క్లుప్తంగా. మెర్జ్ వివరణ కోడ్ లోపలే ఉంటుంది. విడి ఫంక్షన్‌గా ఉన్న మెర్జ్‌కూ, డేటాఫ్రేమ్‌కు చెందిన మెర్జ్‌కూ ఏళ్ల తరబడి ఒకే మూస నుంచి వివరణ వెళ్లేది. అందుకని ఒకచోట మార్చాక రెండో పేజీ కూడా తెరిచి చూసుకోవాలి. వివరణ నియమాల ప్రకారం ఉందో లేదో సరిచూసే స్క్రిప్టు వాళ్ల దగ్గరే ఉంది. ఉదాహరణలను యంత్రం నిజంగా నడిపి, మనం రాసిన ఫలితంతో పోల్చి చూస్తుంది, ఫలితం మనం రాసినట్టే రావాలి. మార్పు శీర్షిక ముందు డాక్ అని పెట్టాలి. వ్యాకరణం గురించి భయపడనవసరం లేదు, సమీక్షించేవాళ్లు వాక్యాన్ని సరిదిద్ది పంపుతారు. 2018 మార్చి 10న ప్రపంచంలోని అనేక నగరాల్లో ఒకే రోజు జనం కూర్చుని పాండాస్ వివరణలను బాగుచేశారు. అలా వచ్చినవే ఇవాళ మనం చదువుతున్న చాలా ఉదాహరణలు.

ఈ విడతలో పెట్టకుండా పక్కన ఉంచింది ఒకటుంది. పిన్ కోడ్ ఒక పట్టికలో అంకెగా, ఇంకోదాంట్లో అక్షరాలుగా ఉంటే మెర్జ్ ఆగిపోతుంది. అమీర్‌పేట 500016 రెండు వైపులా కనిపిస్తూనే ఉంటుంది, అయినా కలవదు. ఆగడం మంచిదే. కానీ ఆ ఎర్రర్ సందేశం, ముందుకు వెళ్లాలంటే కాంకాట్ వాడమని సలహా ఇస్తుంది. కాంకాట్ రెండు పట్టికలను ఒకదాని కింద ఒకటి, లేదా ఒకదాని పక్కన ఒకటి పేర్చే ఫంక్షన్. పిన్ కలపాలని వచ్చినవాళ్లకు అది దారి కాదు. రెండు కాలమ్‌ల రకాన్ని ఆస్‌టైప్‌తో ఒకటి చేసి మళ్లీ ప్రయత్నించమని అక్కడ ఉండాలి. అది వివరణలో మార్పు కాదు, కోడ్‌లో మార్పు. ఆ సందేశాన్ని సరిచూసే పరీక్షలున్నాయి, అవసరమైతే వాటినీ మార్చాలి. అందుకే దాన్ని విడిగా పంపుతాను, వరుసల వాక్యం సంగతి తేలిన తర్వాత.